టీ కూజా ఎవరూ తీసుకెళ్లలేదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అత్తగారు పోయి ఏడాది దాటింది. ఈమధ్య ఆవిడ బీరువా సర్దుతుంటే 1978 నాటి తెలుగు పేపర్లలో చుట్టి పెట్టిన ఇంగ్లీషు టీ సెట్టు బయటపడింది. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, ఆరు చిన్న ప్లేట్లు, ఒక పెద్ద ప్లేటు, పాల జగ్గు, పంచదార గిన్నె. ఎర్ర గులాబీలు, అంచుకి బంగారు గీత. అడుగున కిరీటం బొమ్మ, రాయల్ ఆల్బర్ట్, బోన్ చైనా, ఇంగ్లండ్, ఓల్డ్ కంట్రీ రోజెస్ అని ఉంది. చిన్న అంకెల్లో 1962 అని కూడా ఉంది. అది మోడల్ నంబరని మా అబ్బాయి అంటున్నాడు. మా మామగారి నాన్నగారు బర్మాలో రంగంలో (రంగూన్‌లో) గుమస్తాగా చేసి, యుద్ధానికి ముందు తిరిగొస్తూ తెచ్చిన సెట్టు ఇదేనని ఇంట్లో అందరూ చెబుతారు. అంటే వందేళ్లకి దగ్గర పడ్డట్టే కదా! వీటితోపాటు ఇంకో గుడ్డలో ఎనిమిది పలకల కప్పు, సాసరు ఒకే ఒక్క జత ఉంది. దాని కింద షెల్లీ, ఇంగ్లండ్ అనీ, ఆర్‌డి 723404 అనీ ఉంది. అదే బీరువాలో మా అత్తగారి తమ్ముడు షిప్పులో పనిచేసే రోజుల్లో తెచ్చిన జపాన్ ట్రాన్సిస్టరు, సెంటు సీసాలు కూడా ఉన్నాయి. గులాబీల కప్పుల్లో ఒకదాని చెవి విరిగితే ఎవరో అతికించారు. అత్తగారు వీటిని ఎప్పుడూ వాడలేదు, ఎముకల కప్పులు వంటింట్లోకి వద్దని వాళ్ల అత్తగారు అనేవారట. టీ కూజా మాత్రం లేదు. పెద్దకర్మకి వచ్చినప్పుడు మా పెద్దాడపడుచు పట్టుకెళ్లారని నా అనుమానం. ఒకసారి నోరు జారి అనేశాను కూడా, అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. పాత సామాన్లు కొనే అతను అన్నీ కలిపి పదిహేను వందలంటున్నాడు. నెట్‌లో ఇలాంటిదే రెండు లక్షలకి ఉందని మా అబ్బాయి చూపించాడు. ఆన్‌లైన్‌లో ఫొటో పెడితే ఒకాయన నలభై వేలు ఇస్తాను, క్యూఆర్ కోడ్ పంపిస్తాను అంటున్నాడు. డాబా కారుతోంది, రిపేరుకి డబ్బు కావాలి. ఎంతకి అమ్మాలి, ఎలా అమ్మాలి?

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మిగతా సంగతులు వారం ఆగినా నష్టం లేదు గానీ నలభై వేల ఆయన సంగతి ఆగదు. కాబట్టి అది ముందు. ఆయన ఫోన్ ఎత్తకండి. విరిగిన కప్పు ఏదని అడగకుండా, వచ్చి చూస్తానని అనకుండా, రూపాయి కూడా తగ్గించమనకుండా కొంటానంటున్నాడు. మన వైపు చీపురుకట్ట కొన్నా రెండు మాటలు బేరమాడతాం కదా! ఆ కోడ్ స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలోంచి ఆయన ఖాతాలోకి వెళ్తుంది. మనకి డబ్బు రావాలంటే పిన్ కొట్టే పనే లేదు, ఫోన్ నంబరు చెబితే చాలు. "మిలిటరీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయ్యింది, మా మనిషి వచ్చి పట్టుకెళ్తాడు" అనే కథ కూడా ఈపాటికి చెప్పే ఉంటాడు. మీ అబ్బాయి సరదాకి ఒక్క రూపాయి టోకెన్ అని స్కాన్ చేసి ఉంటే ఖాతా చూసుకోమనండి. డబ్బు పోయినట్టుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వమనండి.

ఇక టీ కూజా. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే.

మీరు రాసిన ముక్కలన్నీ లెక్కపెట్టాను. కప్పులు ఆరు, సాసర్లు ఆరు, చిన్న ప్లేట్లు ఆరు, పెద్ద ప్లేటు, పాల జగ్గు, పంచదార గిన్నె. ఇరవై ఒకటి వచ్చింది. ఇంగ్లండులో టీ సెట్టు అని పెట్టెలో పెట్టి అమ్మింది మామూలుగా ఈ ఇరవై ఒక్క ముక్కలనే. పెద్ద ప్లేటు కేకుకో, రొట్టెకో. కూజా వాటిల్లో లేదు, అది ఖరీదైన వస్తువు, విడిగా కొనుక్కునేవారు. కూజా కూడా ఉంటే ఆ లెక్క ఇరవై రెండు అవుతుంది. మన కళ్లకి కూజా లేని టీ సెట్టు గరిటె లేని కూర గిన్నెలా కనిపిస్తుంది కాబట్టి ఎవరో తీశారనే అనిపిస్తుంది. మీ అత్తగారు పంచదార గిన్నెతో సహా ప్రతి ముక్కనీ విడివిడిగా చుట్టి పెట్టారు. ఆ చుట్టిన పేపర్లు అన్నేళ్లూ అలాగే ఉన్నాయి. అందులోంచి ఒక్క కూజాని మాత్రం లాగి, మిగతావాటిని మళ్లీ 1978 పేపర్లలోనే చుట్టి వెళ్లేంత ఓపిక పెద్దకర్మ రోజు ఎవరికుంటుంది చెప్పండి! మీ సెట్టు పూర్తిగానే ఉంది. మా ఇంట్లో ఒక ఇత్తడి గంగాళం కోసం మా పెత్తండ్రికీ మా నాన్నకీ చాలా ఏళ్లు మాటల్లేవు. చివరికి అది గొడ్ల చావిడి అటక మీద దొరికింది.

ఇప్పుడు రంగం కథ. ఇది చెప్పడం నాకు కొంచెం కష్టంగా ఉంది, ఎందుకంటే మీ ఇంట్లో మూడు తరాలు దీన్ని నమ్మాయి. మీ అబ్బాయి మోడల్ నంబరన్న 1962 మోడల్ నంబరు కాదు. అది సంవత్సరమే. ఓల్డ్ కంట్రీ రోజెస్ అనే ఆ గులాబీల డిజైను హెరాల్డ్ హోల్డ్‌క్రాఫ్ట్ అనే ఆయన గీసింది, రాయల్ ఆల్బర్ట్ వాళ్లు దాన్ని 1962లో బజారులోకి తెచ్చారు. డిజైను హక్కు ఆ సంవత్సరానిది కాబట్టి తర్వాత ఎన్నో ఏళ్లు తయారైన వాటి మీద కూడా 1962 అనే వేశారు. అంటే మీ కప్పులు 1962లో చేసినవని కూడా చెప్పలేం, అప్పుడో ఆ తర్వాతో చేసినవని మాత్రం చెప్పొచ్చు. మీరు చెప్పిన పేపరు తారీఖుని బట్టి 1978 నాటికి అవి మీ ఇంట్లో ఉన్నాయి, లేదా ఆ తర్వాత ఎవరో పాత పేపరుతో చుట్టారు. ఎలా చూసినా యుద్ధానికి ముందు రంగం నుంచి వచ్చే వీలు లేదు. రంగం మీద బాంబులు పడింది 1941 డిసెంబరులో. అప్పటికి ఈ గులాబీలు పుట్టలేదు.

మరి ఎవరు తెచ్చారు? జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ట్రాన్సిస్టరు, సెంటు సీసాలు తెచ్చిన మనిషే తెచ్చి ఉంటాడని నా అంచనా. అక్కకి తమ్ముడు తెచ్చిన వస్తువు అత్తగారింట్లో చేరి, అక్కడి కథని కప్పుకుంది. పుట్టింటి సామాను ఏ ఇంట్లోనైనా ఇంతే, కొన్నాళ్లకి మెట్టినింటి తాతల పేరు మీదకి మారిపోతుంది.

అలాగని రంగం తాతగారిని కొట్టిపారేయకండి. ఆయన తెచ్చినది వేరే గుడ్డలో ఉంది.

ఆర్‌డి అంటే రిజిస్టర్డ్. బ్రిటన్‌లో డిజైనుని ఎవరూ కాపీ కొట్టకుండా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించి ఆ నంబరు అడుగున వేసేవారు. ఈ వరస నంబర్లు 1884లో ఒకటి నుంచి మొదలయ్యాయి. మీరు రాసిన 723404 షెల్లీ వాళ్లు 1926లో నమోదు చేయించిన క్వీన్ ఆన్ అనే ఆకారానిది. గుండ్రంగా ఉండకుండా ఎనిమిది పలకలతో ఉండే కప్పే అది, మీ వర్ణనకి సరిగ్గా సరిపోయింది. నంబరు ఆకారానికి ఇచ్చింది కాబట్టి కప్పు 1926లోనో ఆ తర్వాతో తయారైంది. ముద్రలో బోన్ చైనా అన్న మాట లేకుండా షెల్లీ, ఇంగ్లండ్ అని మాత్రమే ఉండటం కూడా రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోజుల తీరే. ఆ రోజుల్లో గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి గోపాల్‌పూర్‌లోనో కళింగపట్నంలోనో స్టీమరెక్కి రంగం వెళ్లనిది ఏ ఊరివాళ్లు! రంగంలో రో అండ్ కంపెనీ లాంటి పెద్ద షాపుల్లో ఇంగ్లండు సామాన్లు దొరికేవి. గుమస్తా జీతంతో ఇరవై ఒక్క ముక్కల సెట్టు కొనడం కష్టమే. ఒక్క జత కొనుక్కుని, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టుకుని రావడం నమ్మదగ్గ మాట. మీ ఇంట్లో కథ నిజమే, కాకపోతే పక్క వస్తువుకి అంటుకుంది.

తమాషా ఏమిటంటే రాయల్ ఆల్బర్ట్, షెల్లీ రెండూ ఒకే ఊళ్లో పుట్టాయి. ఇంగ్లండులో స్టోక్ ఆన్ ట్రెంట్ అనే ఊళ్లో లాంగ్‌టన్ అనే పేట. మనకి పర్లాకిమిడి కొమ్ము పని ఎలాగో, బరంపురం పట్టు ఎలాగో, వాళ్లకి ఆ ఊళ్లో పింగాణీ అలాగ. షెల్లీ 1966లో చేతులు మారింది, ఆ పేరుతో కప్పులు రావడం ఆగిపోయింది. రాయల్ ఆల్బర్ట్ గులాబీలు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి, ఇండోనేషియాలో చేయిస్తున్నారు.

ధర సంగతి ఇక్కడే తేలుతుంది. పాతది కాబట్టి ధర ఉంటుందని అందరూ అనుకుంటారు. పింగాణీకి ఆ లెక్క నడవదు. ఓల్డ్ కంట్రీ రోజెస్ ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన టీ సెట్టు డిజైన్లలో ఒకటి. కోట్ల ముక్కలు ఇళ్లలో ఉన్నాయి, కొత్తవి షాపుల్లో ఉన్నాయి. ఇంగ్లండులోనే అమ్మమ్మల సెట్లు పిల్లలకి అక్కర్లేక పాత సామాన్ల దుకాణాలకి చేరుతున్నాయి. మీ అబ్బాయి చూసిన రెండు లక్షలు ఎవరో అడుగుతున్న ధర. అడగడానికి డబ్బు ఖర్చు కాదు. ఈబేలో వెతికేటప్పుడు అమ్ముడైపోయినవి మాత్రమే చూపించే సౌకర్యం ఉంది, సోల్డ్ ఐటమ్స్ అని ఉంటుంది. అది నొక్కి చూడమనండి. లక్షల మాట అక్కడితో ఆగిపోతుంది.

పదిహేను వందల మాట కూడా వినకండి. అతను "ఏటమ్మా, కప్పులకి ఇంతా" అంటూనే ఎనిమిది పలకల జతని పక్కకి తీసి పెట్టుంటాడు, అవునా? నా లెక్క చెబుతాను. ఇది బజారు రేటు కాదు, ఈ వ్యాపారం చేసిన ఇంట్లో పెరిగినవాడి అంచనా అనుకోండి. గులాబీల సెట్టుకి పన్నెండు వేల దగ్గర మొదలుపెట్టండి, ఎనిమిది వేలకి దిగేవరకూ బేరం సాగనివ్వండి, అంతకంటే దిగొద్దు. అతికించిన కప్పుని లెక్కలోకి తీసుకోకుండా ఊరికే కలిపి ఇవ్వండి. దీంతో డాబా రిపేరు అవదు. సిమెంటు బస్తాలు వస్తాయి, మేస్త్రీ కూలికి వేరే దారి చూసుకోవాలి.

షెల్లీ జత వేరు. షెల్లీ సేకరించేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు, ముఖ్యంగా ఈ పలకల కప్పుల మీద ప్రత్యేకమైన మోజు ఉంది. దాని మీద బొమ్మ ఏమిటో మీరు రాయలేదు. సూర్యకిరణాలో, ఇళ్లూ చెట్లో, నల్లని పట్టీలో ఉంటే ధర మారుతుంది, చిన్న చిన్న పూలు మాత్రమే ఉంటే కొంచెం తగ్గుతుంది. దాన్ని గులాబీల సెట్టుతో కలిపి ఎవరికీ ఇవ్వకండి. నన్నడిగితే అసలు అమ్మకండి, కానీ అది మీ ఇంటి నిర్ణయం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. 1972 పురాతన వస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలని మామూలు మనుషులు విదేశాలకి పంపకూడదు. మీ కప్పు 1926 దగ్గర ఉంది, అంటే ఆ గీత మీదే నిలబడింది. బయటి దేశంవాళ్లు ఎవరైనా అడిగితే, పురావస్తు శాఖ నుంచి ఇది ఆ కోవలోకి రాదన్న కాగితం చేతికొచ్చేవరకూ పార్సిల్ చేయకండి. మన దేశంలో మనిషికి ఇవ్వాలంటే ఒక్క కప్పుకి ఈ తలనొప్పి లేదు.

ఇప్పుడు ఎముకల మాట. మీ అత్తగారి అత్తగారు అన్నది అక్షరాలా నిజం. బోన్ చైనాలో దాదాపు సగం ఎముకల బూడిదే. పశువుల ఎముకల్ని తెల్లని బూడిదయ్యేవరకూ కాల్చి, పొడి చేసి, ఇంగ్లండులో కార్న్‌వాల్ నుంచి వచ్చే తెల్లమట్టి, రాతిపొడి కలుపుతారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో స్టోక్‌లో జోసయా స్పోడ్ ఈ పాళ్లని కుదిర్చాడు. అంతకు ముందే లండన్ దగ్గర బో అనే చోట ఎముకల బూడిద కలిపి చూశారు గానీ నిలబడింది స్పోడ్ దారే. ఆ బూడిద వల్లే కప్పు పలచగా ఉన్నా గట్టిగా ఉంటుంది, తెల్లదనంలో కొంచెం పాలమీగడ రంగు కనిపిస్తుంది, వెనకాల వేళ్లు పెట్టి ట్యూబులైటు వైపు ఎత్తితే వేళ్ల నీడ ఇవతలికి తెలుస్తుంది.

ఈ సంగతి కొనేవాళ్లకి మీరే ముందుగా చెప్పండి. ఒకసారి బరంపురంలో ఒకావిడకి ఇలాంటి సెట్టు అమ్మాను. మూడో రోజు ఆవిడ పెట్టెతో సహా వెనక్కి వచ్చింది. బోన్ అంటే ఏమిటని వాళ్ల అత్తగారు అడిగారట, ఈవిడ చెప్పిందట. డబ్బు తిరిగి ఇచ్చేశాను, ఏం చేస్తాం! పూజలు, మడి పట్టింపు ఉన్న ఇంటికి తెలియకుండా అంటగట్టడం నాకైతే తప్పనిపిస్తుంది. మీ ఇంట్లో ఈ సెట్టు ఇంత కొత్తగా మిగలడానికి కారణం కూడా ఆ పట్టింపే, వాడి ఉంటే బంగారం ఎప్పుడో పోయేది.

బంగారం అన్నాను కాబట్టి కడగడం గురించి. అంచు మీద గీత నిజం బంగారమే, కానీ పైపూత, చాలా పలచన. ఇత్తడి సామాన్లలాగా చింతపండు, పీచు పెట్టి తోమితే ఒక్క పూటలో మాసిపోతుంది. గిన్నెల పొడి, స్టీలు పీచు, బ్లీచింగు దగ్గరికి రానివ్వకండి. ప్లాస్టిక్ టబ్బులో అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క లిక్విడ్ వేసి, ఒక్కొక్క కప్పునీ చేత్తో కడగండి. సింకులో కుళాయి కింద వద్దు, అక్కడ కుళాయికి తగిలి విరిగినన్ని కప్పులు నేల మీద పడి విరగవు. అతికించిన కప్పుని అసలు నానబెట్టకండి.

కడిగాక ప్రతి ముక్కనీ పరీక్ష చేయండి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటామే, అదే పని. కప్పుని అరచేతిలో పెట్టుకుని గోటితో మీటితే ఖంగుమని మోగాలి, ఆ మోత కాసేపు నిలవాలి. డొక్కు శబ్దం వస్తే ఎక్కడో కంటికి కనపడని బీట ఉంది. తర్వాత కళ్లు మూసుకుని అంచు చుట్టూ గోరు తిప్పండి, పెచ్చు లేచిన చోట గోరు ఆగుతుంది. దొరికిన లోపాలన్నీ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ కాగితమే మీకు రక్ష. ఫలానా కప్పు చెవి అతికించాం, ఫలానా సాసరు అంచున బంగారం మాసింది అని ముందే రాసి అమ్మితే వెనక్కి తెచ్చేవాడు ఉండడు. అన్నట్టు, కప్పు హ్యాండిల్‌ని మీరు చెవి అని రాశారు, చాలా సంతోషం వేసింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివాళ్లు వాడాల్సిన మాటే అది.

ఫొటోలు పగటి వెలుతురులో, వసారాలో తీయండి. ఫ్లాష్ వేస్తే గ్లేజు మెరిసి గులాబీలు కనపడవు. మొత్తం సెట్టు ఒకటి, ఒక్క కప్పు దగ్గరగా ఒకటి, అడుగు ముద్ర స్పష్టంగా ఒకటి, లోపాలు ఒక్కోటీ. ముద్రలో ఇంగ్లండ్ అన్న మాట బాగా పడాలి. ఇప్పుడొచ్చేవి ఇండోనేషియావి కాబట్టి ఇంగ్లండులో చేసినవే కావాలనేవాళ్లు ఉంటారు, మీ సెట్టుకి ఉన్న అసలు బలం అదే. కూజా లేదని బాధపడే కొనుగోలుదారుకి, ఇదే డిజైనులో కూజా విడిగా ఇప్పటికీ దొరుకుతుందని చెప్పండి.

ఎక్కడ అమ్మాలి? పర్లాకిమిడిలో కష్టం, ఉన్న ఒక్క దుకాణం పదిహేను వందల దగ్గర కూర్చుంది. బరంపురం, విశాఖ, భువనేశ్వర్‌లలో కాఫీ షాపులు, హోమ్‌స్టేలు నడిపేవాళ్లు, పెళ్లి ఫొటోల వాళ్లు ఇలాంటివి వెతుక్కుంటూ ఉంటారు. ఆన్‌లైన్‌లో పెట్టినా ఆ మూడు ఊళ్ల పేర్లు రాసి, వచ్చి చూసి పట్టుకెళ్లాలి అని ఒక షరతు పెట్టండి, మోసగాళ్లు సగం మంది అక్కడే రాలిపోతారు. కోల్‌కతా రస్సెల్ స్ట్రీట్‌లో ఇళ్ల సామాన్లు వేలం వేసే పాతకాలం నాటి చోటు ఉంది, కానీ గులాబీల సెట్టుకి అంత దూరం దండగ. రైలు ఖర్చులు, కమిషను పోతే మీకు మిగిలేది తక్కువ. షెల్లీ కప్పు అమ్మాలని నిశ్చయించుకుంటే మాత్రం, ఎవరైనా అటు వెళ్తున్నప్పుడు ఫొటో చూపించి అడిగించండి.

పార్సిల్ తప్పదంటే ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే నేను నష్టపోయింది ఇక్కడే. ఒకసారి హైదరాబాద్‌కి పద్ధెనిమిది ముక్కలు పంపాను. కప్పులో కప్పు పెట్టి, మధ్యలో పేపరు దూర్చి, పైన గాజు అని ఎర్ర ఇంకుతో రాసి కొరియరుకి ఇచ్చాను. అక్కడ తెరిచేసరికి నాలుగు చెవులు ఊడి ఉన్నాయి, ప్యాకింగ్ మీదే కదా అన్నారు. నిజమే, తప్పు నాదే. కప్పులో కప్పు ఎప్పుడూ పెట్టకూడదు. ఒక్కో కప్పు లోపల మెత్తని గుడ్డ కూరి, చెవి చుట్టూ విడిగా ఒక పేలిక చుట్టి, ఆ తర్వాత కప్పు మొత్తం చుట్టాలి. సాసర్లు, ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా, పుస్తకాల్లాగా నిలబెట్టాలి. నిలబడ్డ ప్లేటు దెబ్బ తట్టుకుంటుంది, పడుకున్నది పై బరువుకి పగులుతుంది. ఒక పెట్టెలో సర్ది, ఆ పెట్టెని ఇంకో పెద్ద పెట్టెలో పెట్టి, రెండింటి మధ్య అన్ని వైపులా నాలుగు వేళ్ల మందాన ఏదైనా కూరాలి. పాత నేత చీరలు మంచివి. స్టోక్ ఉన్న స్టాఫర్డ్‌షైరు జిల్లా కుమ్మరులు తమ సామాను సముద్రాలు దాటించినప్పుడు గడ్డే వాడారు, మనకి వరిగడ్డికి కొదవ లేదు, తడి లేకుండా చూసుకోండి. పలాస జీడిపప్పు డబ్బాలు వచ్చే అట్టపెట్టెలు దొరికితే తెచ్చుకోండి, మందంగా ఉంటాయి. మూసిన పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల చిన్న చప్పుడు వినిపించినా విప్పి మళ్లీ సర్దాల్సిందే.

ఆ 1978 పేపర్లు పారేశారా? పారేయకపోతే ఒకటి దాచండి, తారీఖు ఉన్న పేజీ. సెట్టు కొనేవాళ్లకి అది కూడా ఇస్తే సంతోషిస్తారు.

ఇవన్నీ చేసే ముందు మీ వదినగారికి ఫోన్ చేయండి. సెట్టు వాళ్ల అమ్మది, వాళ్ల మేనమామ తెచ్చినది కాబట్టి అమ్మేముందు ఆవిడకి చెప్పడం ఎలాగూ తప్పదు. ఇరవై ఒక్క ముక్కలూ ఉన్నాయి, ఏదీ పోలేదు, నేనే తప్పుగా అన్నాను అని ముందు ఆ మాట చెప్పేయండి. వెంటనే మీ మేనమామ ఏ ఏడాది తెచ్చారో గుర్తుందా అని అడగండి. తర్వాత ఎనిమిది పలకల కప్పు గురించి, దానికి రెండో జత చిన్నప్పుడు ఎప్పుడైనా చూశారా అని కూడా అడగండి. రంగం నుంచి వచ్చిన గుమస్తాగారు ఒక్కరే కూర్చుని టీ తాగేందుకు ఒక్క కప్పు కొన్నారో, భార్యకి కూడా ఒకటి తెచ్చారో ఆవిడకి తెలిసి ఉండొచ్చు.